కేబుల్ ట్రాము దారిలో కరెంటు ట్రాము: స్లాట్, సొరంగం, క్రాసింగులను ఎలా మార్చారు?

పట్టాల_మేస్త్రి:

ఎడిన్‌బరో, మెల్‌బోర్న్ రెండూ 1920ల్లో కేబుల్ ట్రాములను వదిలించుకుని కరెంటు ట్రాములకు మారడం మొదలుపెట్టాయి. కేబుల్ ట్రాము అంటే, ఇంజను భవనం లాగుతుండగా రోడ్డు కింది సొరంగంలో పోయే తాడును, స్లాట్ అనే సందులోంచి దిగే గ్రిప్పుతో పట్టుకుని నడిచే బండి. రెండు చోట్లా గేజ్, అంటే రెండు పట్టాల మధ్య దూరం, 4 అడుగుల 8½ అంగుళాలే. కరెంటు రెండు చోట్లా పై వైరు నుంచే. అయినా పని చేసిన తీరులో పోలికే లేదు.

ఎడిన్‌బరో ప్రిన్సెస్ స్ట్రీట్‌లో 1922 అక్టోబరు 21 శనివారం రాత్రి దాకా కేబుల్ బండ్లు తిరిగాయి. మర్నాడు ఆదివారం అవే పట్టాల మీద కరెంటు బండ్లు వచ్చాయి. మెల్‌బోర్న్‌లో 1925 నుంచి ఒక్కో దారినే ఆపి, పాత పట్టాను, స్లాట్‌ను తవ్వి తీసి, కొత్త పట్టా వేశారు. అంతవరకూ జనాన్ని బస్సులతో సర్దారు.

అడగదలచుకున్నవి మూడు. ఒక ఊరికి ఒక రాత్రి చాలితే ఇంకో ఊరికి నెలలు ఎందుకు పట్టాయి? కేబుల్ ఇంకా నడుస్తుండగానే దాన్ని కరెంటు దారి అడ్డంగా దాటే చోట క్రాసింగ్ ఎలా కట్టారు? సొరంగాన్ని నింపాలా, అలా వదిలేయొచ్చా?

కప్పీచక్రం:

మేస్త్రి గారూ, పట్టా కింద ఏముందో ముందు చూద్దాం. మీ మొదటి ప్రశ్నకు సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

కేబుల్ దారిలో రెండు పట్టాల నడిమధ్య ముప్పావు అంగుళం, అంటే 19 మి.మీ. వెడల్పున స్లాట్ ఉంటుంది. దానికి రెండు వైపులా ఇనుప దూలాలు. వాటి కింద కాంక్రీటు సొరంగం. సొరంగానికి అడ్డంగా సుమారు 4, 5 అడుగులకొకటి చొప్పున ఇనుప యోకులు. యోకు సొరంగం చుట్టూ తిరిగి పైకి లేచి స్లాట్ దూలాలను పట్టుకుంటుంది. చాలా కట్టడాల్లో దాని భుజాల మీదే నడక పట్టాలు కూడా కూర్చుంటాయి. కాబట్టి స్లాట్ వేరు, పట్టా వేరు అనుకోకూడదు. గేజ్‌ను పట్టి ఉంచేది ఆ యోకే. స్లాట్ అక్కర్లేదని యోకు కోశారంటే పట్టాకు ఆధారం పోయినట్టే.

లోపల ప్రతి 30, 40 అడుగులకూ ఒక కప్పీ ఉంటుంది. తాడు దాని మీద ఆని పోతుంది. కప్పీ దగ్గర గుంట, పైన మూత, గుంటలోంచి మురుగు కాలువకు గొట్టం. వంపుల్లో కప్పీలు పడుకోబెట్టి దగ్గరదగ్గరగా వరసగా ఉంటాయి, గది అంత ఖాళీ కావాలి. దారి చివర తాడు వెనక్కి తిరిగే చోట మనిషి ఎత్తును మించిన చక్రం, దానికో గొయ్యి.

ఇక మెల్‌బోర్న్ దారులు 1885 నుంచి 1891 మధ్య వేసినవి. మార్చే నాటికి 35 ఏళ్లు దాటాయి. ప్రిన్సెస్ స్ట్రీట్‌లో కేబుల్ వచ్చిందే 1899లో. పట్టాల్లో ఇంకా జీవం ఉంది. ఒక రాత్రిలో మార్చగలగడానికి పెద్ద కారణం ఇదే.

రిటర్న్_కరెంట్:

కప్పీచక్రం గారు చెప్పినదానికి ఇంకొకటి కలపాలి. కేబుల్ బండిని లాగేది తాడు. పట్టా బరువు మోస్తుంది, దారి చూపుతుంది, అంతే. కరెంటు బండి పట్టాను తన్ని ముందుకు పోతుంది. పైగా మోటారు సగం బరువు స్ప్రింగు లేకుండా నేరుగా ఇరుసు మీదే వేలాడుతుంది. వదులుగా ఉన్న అతుకు కేబుల్ బండి కింద టక్కుమని ఊరుకుంటుంది. కరెంటు బండి కిందైతే అదే అతుకు కొన్నాళ్లకే దెబ్బలు తిని పట్టా కొసలు సొట్టపోతాయి.

అసలు పెద్ద తేడా విద్యుత్తుది. పై వైరు పద్ధతిలో కరెంటు తిరిగి పోయేది పట్టాల గుండానే. కేబుల్ పట్టాలకు బాండ్లు, అంటే అతుకు దగ్గర రెండు పట్టా ముక్కలను కలిపే రాగి తీగలు, ఉండవు, ఉండాల్సిన పనీ లేదు. ఫిష్‌ప్లేటు (పట్టా ముక్కలను కలిపి బిగించే పలక) తుప్పు పట్టిన అతుకును నమ్ముకుని వందల ఆంపియర్లు పంపలేం.

లెక్క చూడండి. గజానికి 100 పౌండ్ల పట్టా అంటే మీటరుకు దాదాపు 50 కిలోలు. దాని నిరోధం కిలోమీటరుకు సుమారు 0.032 ఓములు. జంట దారిలో నాలుగు పట్టాలు కలిస్తే 0.008. కిలోమీటరు చివర నుంచి 500 ఆంపియర్లు తిరిగొస్తే 4 వోల్టుల పతనం. అప్పట్లో బ్రిటన్‌లో బోర్డ్ ఆఫ్ ట్రేడ్ అనే ప్రభుత్వ శాఖ నిబంధన ప్రకారం పట్టాల్లో ఏ రెండు చోట్ల మధ్యా 7 వోల్టులు దాటకూడదు. అంటే చేతిలో మిగిలింది 3 వోల్టులు. ఇప్పుడు అతుకుల్ని కలపండి. 107 చదరపు మి.మీ. రాగి బాండు 80 సెం.మీ. పొడవుంటే దాని నిరోధం దాదాపు 4 మీటర్ల పట్టాకు సమానం. బాండ్లన్నీ మంచివైతే 60 అడుగుల పట్టా ముక్కలతో మొత్తం నిరోధం ఐదో వంతు పైగా పెరుగుతుంది. 30 అడుగుల ముక్కలైతే ఆ పెరుగుదల రెట్టింపు.

అతుకుల సంఖ్య కూడా చూసుకోవాలి. కిలోమీటరు జంట దారిలో 60 అడుగుల ముక్కలకు 220 దాకా, 30 అడుగుల ముక్కలకు 440 దాకా ఉంటాయి. ఒక్కో అతుకుకు రెండు బాండ్లు వేసేవాళ్లు. కాబట్టి 880 బాండ్లు, 1,760 రంధ్రాలు.

ట్రాలీపోల్:

ఇక్కడ "ఒక్క రాత్రి" అన్న మాటతో పొరపడకూడదు. ఆ రాత్రి మారింది నడిపే పద్ధతి ఒక్కటే. దాని వెనక పని నెలల తరబడి కేబుల్ నడుస్తుండగానే సాగింది.

వరస ఇలా ఉంటుంది. ముందు స్తంభాలు. ప్రిన్సెస్ స్ట్రీట్‌లో రోడ్డు నడుమ స్తంభాలు పెట్టారు. తర్వాత కరెంటు తెచ్చే ఫీడర్ తీగలు, పై వైరు, వైరును భాగాలుగా విడదీసే సెక్షన్ ఇన్సులేటర్లు. వీటిలో ఏదీ కేబుల్ బండికి అడ్డు కాదు. మరోపక్క రాత్రిళ్లు బాండ్లు వేసుకుంటూ పోతారు. అతుకు బయటపడేంత మేర రాళ్లు లేపి, పట్టా నడుముకు రంధ్రం వేసి, బాండు బిగించి, తెల్లారేలోపు రాళ్లు సర్దేస్తారు. అన్నీ అయ్యాక కరెంటు పెట్టి ఒకటి రెండు బండ్లతో పరీక్ష. ఆఖరున తాడు ఆపేస్తారు. స్లాట్ ఖాళీగా ఉంటుంది. కరెంటు బండికి దానితో పనే లేదు, దాని మీదుగా పోతుంది.

పాత కేబుల్ బండ్లను కూడా చాలావాటిని కరెంటుకు మార్చి వాడుకున్నారు. ఎడిన్‌బరో పక్కనే ఉన్న లీత్ వైపు 1905లోనే కరెంటు ట్రాములు వచ్చాయి. రెండింటి సరిహద్దు పిల్‌రిగ్ దగ్గర జనం కరెంటు బండి దిగి కేబుల్ బండి ఎక్కాల్సి వచ్చేది. 1922 జూన్ 20న ఆ దిగడం, ఎక్కడం పోయాయి. చివరి కేబుల్ దారి, పోర్టోబెల్లోది, 1923 జూన్ 23న ఆగింది. మొత్తం ఏడాది పని. దారి వెంట దారి, తొందరపడకుండా.

పట్టాల_మేస్త్రి:

రిటర్న్ గారూ, బాండ్లలో ఎక్కువగా చెడేది ఎక్కడ?

రిటర్న్_కరెంట్:

రంధ్రంలో. బాండు తీగ తెగడం అరుదు. రాగి కొస పట్టాను తాకే చోట తుప్పు చేరి నిరోధం పెరుగుతుంది.

రంధ్రం వేసేటప్పుడు నూనె పోయొద్దు. సోడా కలిపిన నీళ్లు చాలు. నూనె పొర మిగిలితే రాగి, ఉక్కు నేరుగా తాకవు. వేసిన రంధ్రం మెరుస్తుండగానే తుడిచి, ఆరబెట్టి, అప్పటికప్పుడే బాండు కొసను నొక్కి బిగించాలి. సాయంత్రం రంధ్రాలు వేసుకుంటూ పోయి మర్నాడు రాత్రి బాండ్లు వేద్దామంటే కుదరదు. తడి రోడ్డు కింద ఒక్క రాత్రిలోనే తుప్పు పొర వచ్చేస్తుంది.

పరీక్ష సులువు. దారిలో కరెంటు పారుతుండగా అతుకు మీదుగా మిల్లీవోల్టులు చూడండి. పక్కనే అతుకు లేని పట్టా ఒక మీటరు మీద చూడండి. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే అతుకు ఎన్ని మీటర్ల పట్టాకు సమానమో వస్తుంది. ఒక బాండుకు 4 దగ్గర వస్తే బాగున్నట్టు. 8 దాటితే తీసి మళ్లీ వేయాలి. రెండు బాండ్లున్న చోట ఈ సంఖ్యలు సగం.

ఇంకో సంగతి ఎవరూ పెద్దగా పట్టించుకోరు. యోకులు ఇనుము, పట్టా యోకు మీద కూర్చుంది, యోకు తడి మట్టిలో పాతుకుపోయి ఉంది. అంటే కిలోమీటరుకు వందల కొద్దీ ఎర్తు కడ్డీలు పాతినట్టే. పట్టాలోని కరెంటు వాటి గుండా మట్టిలోకి దిగి, పక్కనున్న నీటి పైపు ఎక్కి, సబ్‌స్టేషన్ దగ్గర పైపు దిగుతుంది. దిగే చోట పైపును తినేస్తుంది. ఒక ఆంపియరు ఏడాది పాటు ఇనుములోంచి దిగితే 9 కిలోల ఇనుము పోతుంది. సీసమైతే 34 కిలోలు. టెలిఫోను కేబుళ్లకు సీసపు తొడుగులుండే రోజులవి.

అందుకే పాత యోకుల మీద పట్టాను అలాగే ఉంచి కరెంటు నడిపే దారిలో నెగటివ్ ఫీడర్లు, అంటే పట్టాలోని కరెంటును సబ్‌స్టేషన్‌కు తిరిగి తీసుకుపోయే తీగలు, దగ్గరదగ్గరగా వేయాలి. పట్టాలో వోల్టేజి పెరగనివ్వకపోవడమే మందు.

విశాఖ_సివిల్:

మూడో ప్రశ్నకు వస్తాను. సొరంగాన్ని నింపాల్సిందే. కొన్నేళ్లు వదిలేయొచ్చు, ఎప్పటికీ వదిలేయలేం.

తాడు నడిచినన్నాళ్లూ సొరంగాన్ని శుభ్రం చేసే మనుషులు ఉండేవాళ్లు. తాడు ఆగాక ఎవరూ దిగరు. స్లాట్ గుండా రోడ్డు బురద లోపలికి పోతూనే ఉంటుంది. గుంటల్లోని గొట్టాలు పూడుకుంటాయి. నీళ్లు నిలుస్తాయి. స్లాట్ దూలం తుప్పు పడుతుంది. ఇంకోవైపు ఎండకు, తడికి ఉబ్బిన రోడ్డు, ముఖ్యంగా చెక్క దిమ్మలు పరిచిన రోడ్డు, దూలాలను రెండు వైపుల నుంచీ నొక్కుతుంది. దూలం ఎక్కడో వంగి పైకి లేస్తే బండి అడుగుభాగానికి తగులుతుంది. పక్కన గ్యాస్ పైపు కారితే గ్యాస్ చేరేది కూడా ఆ సొరంగంలోకే, పైన నిప్పురవ్వలు వచ్చే బండి.

పని వరస:

మొదట తాడు. ఇంజను పని చేస్తున్నప్పుడే తాడు కోసి, ఇంజనుతోనే బయటికి చుట్టించాలి. 32 మి.మీ. తాడు మీటరుకు 3.7 కిలోల దాకా తూగుతుంది, కిలోమీటరు ముక్క దాదాపు 3.7 టన్నులు. ఇంజను ఆపేశాక అంత తాడు చేత్తో లాగడం నరకం. తర్వాత కప్పీలు, ఇరుసులు, మూతలు.

రెండోది కాలువ గొట్టాలు. ప్రతి గుంటలోని గొట్టాన్నీ ఇటుక, సిమెంటుతో మూయాలి. ఇది మరిచిపోయి ఇసుక పోసి నీళ్లు కొడితే ఇసుక మురుగు కాలువలోకి కొట్టుకుపోతుంది. సొరంగం మళ్లీ ఖాళీ, కాలువ పూడిక, రెండు నష్టాలు. అయితే మూసిన గొట్టాలు అంతకుముందు రోడ్డు నీళ్లు కూడా తీసేవి. వాటి బదులు పట్టా గాడి నీళ్లు తీసే కొత్త పెట్టెలు వంపుల దగ్గర, పల్లంలో ముందే పెట్టుకోవాలి.

మూడోది స్లాట్ దూలాలు విప్పడం. బోల్టులు ఊడి రావు, కోయాల్సిందే. గ్యాస్‌తో కోసేటప్పుడు జాగ్రత్త. తాడుకు పూసిన తారు, గ్రీజు ఏళ్ల తరబడి గోడలకు పట్టి ఉంటుంది, నిప్పు అంటుకుంటుంది. ముందు గీకి, తడి ఇసుక చల్లి కోయాలి.

నాలుగోది యోకు. దాన్ని పెకలించొద్దు. పెకలిస్తే సొరంగం గోడ, దానితో పక్కనున్న పట్టా పునాది కదులుతాయి. పైభాగం కోసి అడుగు భాగం కాంక్రీటులోనే వదిలేయాలి. కోసే ముందే పట్టాల మధ్య టై బార్లు (రెండు పట్టాలను కలిపి పట్టే కడ్డీలు) బిగించాలి, రెండు మీటర్లకొకటి చొప్పున. కోశాక బిగిద్దామనుకుంటే అప్పటికే గేజ్ జరిగి ఉంటుంది.

ఐదోది నింపడం. సొరంగం లోపల 40 సెం.మీ. వెడల్పు, 70 సెం.మీ. లోతు అనుకుంటే మీటరుకు 0.28 ఘనపు మీటర్లు. కిలోమీటరు జంట దారికి 560 ఘనపు మీటర్లు. ప్రతి 15, 20 మీటర్లకూ ఇటుక అడ్డుగోడ కట్టి, పల్లం వైపు నుంచి 1:4:8 (సిమెంటు, ఇసుక, కంకర) లాంటి, సిమెంటు తక్కువున్న పేద కాంక్రీటుతో నింపుకుంటూ ఎగువకు రావాలి. ఎగువ నుంచి పోస్తే గాలి చిక్కుకుని పైకప్పు కింద ఖాళీ మిగులుతుంది. మట్టితో నింపితే మరో రెండు వానాకాలాలకు కుంగుతుంది, రోడ్డు మధ్యలో గాడి పడుతుంది.

మెల్‌బోర్న్_తెలుగు:

సివిల్ గారు చెప్పింది చదివితే ఇక్కడివాళ్లు మొత్తం తవ్వి తీసింది ఎందుకో తెలుస్తుంది. పాత పట్టా ఎలాగూ తీసేయాలి. కొత్త పట్టాకు వెడల్పాటి కాంక్రీటు పరుపు కావాలి. డబ్ల్యూ తరగతి బోగీ ట్రాము ఖాళీగానే దాదాపు 17 టన్నులు, కేబుల్ డమ్మీ (గ్రిప్పు ఉండే ముందు బండి), దాని వెనక ట్రెయిలరు కన్నా వెడల్పు. రెండు దారుల మధ్య దూరం చాలకపోతే ఎదురెదురు బండ్లు రాసుకుంటాయి. బ్రిటిష్ నిబంధనల్లో ఎదురెదురు బండ్ల మధ్య 15 అంగుళాల ఖాళీ అడిగేవారు. దారి జరపాల్సి వచ్చిందంటే కొత్త పట్టా ఒకటి సరిగ్గా పాత సొరంగం గోడ అంచు మీదకు వస్తుంది. సగం గట్టి కాంక్రీటు మీద, సగం పూడ్చిన చోట. ఒక పక్క కుంగడం ఖాయం. అలాంటప్పుడు తవ్వి తీయడమే చవక.

డబ్బు విషయం కూడా తక్కువది కాదు. బర్క్ స్ట్రీట్ కేబుల్ 1940 అక్టోబరు 26న ఆగింది, మెల్‌బోర్న్‌లో ఆఖరిది అదే. దాని స్థానంలో బస్సులు పెట్టారు. కరెంటు ట్రాములు ఆ వీధికి 1955లో గానీ రాలేదు. ఫిట్జ్‌రాయ్‌లో నికల్సన్ స్ట్రీట్, గర్ట్రూడ్ స్ట్రీట్ కలిసే మూలన పాత ఇంజను భవనం ఇప్పటికీ ఉంది. 96 నంబరు ట్రాము ఎక్కే మనవాళ్లు దాని ముందు నుంచే పోతుంటారు.

పట్టాల_మేస్త్రి:

రెండో ప్రశ్న మిగిలింది, క్రాసింగులు. నాకు అన్నిటికన్నా ఆసక్తి అక్కడే.

కప్పీచక్రం:

జంట దారిని జంట దారి అడ్డంగా దాటే చోట లెక్క పెడదాం.

రెండూ కరెంటు దారులైతే పట్టా, పట్టా కలిసే చోట్లు 4 × 4 = 16. అంతే.

ఒకటి కేబుల్, ఒకటి కరెంటు అయితే ఆ 16కు తోడు 2 స్లాట్లను 4 కరెంటు పట్టాలు దాటాలి. ఇంకో 8. మొత్తం 24.

రెండూ కేబుల్ అయితే పట్టాలు 16, స్లాట్‌ను పట్టా దాటే చోట్లు 8 + 8, స్లాట్‌ను స్లాట్ దాటే చోట్లు 4. మొత్తం 36. పైగా కింద రెండు తాళ్లు. ఒకటి పైన, ఒకటి కింద పోవాలి. కింది తాడు బండి క్రాసింగ్ దగ్గర తాడు వదిలి, ఊపు మీద దాటి, అవతల మళ్లీ పట్టుకోవాలి. వదలడం మరిచిపోతే గ్రిప్పు పోయి పై తాడును కొడుతుంది. శాన్‌ఫ్రాన్సిస్కోలో పావెల్, కాలిఫోర్నియా వీధుల కూడలిలో ఇప్పటికీ ఇదే ఏర్పాటు. కాలిఫోర్నియా వీధి దారి పాతది, 1878 నాటిది, దాని తాడుకే ముందు హక్కు.

కాబట్టి కరెంటుకు మారేటప్పుడు ఏ దారి ముందు మార్చాలన్నది క్రాసింగులను చూసి తేల్చుకోవాలి. 36ను 24 చేసి, మళ్లీ 16 చేయడమంటే ఒకే కూడలిని రెండుసార్లు తవ్వడం. ఎక్కువ కూడళ్లున్న వీధిలో రెండు దారులనూ కలిపి ఒకేసారి మార్చడం మేలు.

ఇప్పుడు 24 ఉన్న క్రాసింగ్, కేబుల్ ఇంకా నడుస్తున్నది. స్లాట్ తెగకూడదు, గ్రిప్పు దానిలోంచి పోవాలి. కాబట్టి తెగాల్సింది కరెంటు పట్టానే. పట్టా ఎత్తు ఆరేడు అంగుళాలు, స్లాట్ దూలం కూడా అదే లోతులో ఉంది. ఆ లోతున పట్టా దూలంలోంచి పోలేదు. పట్టాను దూలానికి ఇవతలే ఆపి, సొరంగం మీదుగా పల్చని పోత ఉక్కు ముక్క పెడతారు. దాని మీద చక్రం గాడి ఉంటుంది, నడుమ 19 మి.మీ. ఖాళీ ఉంటుంది. ఆ ముక్క బరువు మామూలు యోకు మోయలేదు. దాని కింద రెండు వైపులా దగ్గరదగ్గరగా బలమైన యోకులు ఉండాలి. లేకపోతే ప్రతి బండికీ ముక్క కిందికి నొక్కుకుని స్లాట్ బిగుసుకుంటుంది. 19 మి.మీ.లో రెండు మూడు మి.మీ. తగ్గినా గ్రిప్పు పలక ఇరుక్కుంటుంది.

ట్రాలీపోల్:

దానికి తోడు ఇసుక. కరెంటు బండి బ్రేకుకు ఇసుక వేస్తే క్రాసింగ్ దగ్గర స్లాట్‌లో పడుతుంది. తాడును, కప్పీ ఇరుసులను అరగదీస్తుంది. క్రాసింగ్‌కు ఒక బండి పొడవు ముందు నుంచే ఇసుక ఆపాలని డ్రైవర్లకు గుర్తు పెట్టాలి.

రిటర్న్_కరెంట్:

పట్టా తెగిందంటే రిటర్న్ కూడా తెగినట్టే. స్లాట్ రెండు పక్కలనూ కలుపుతూ రాగి కేబుల్ వేయాలి. సొరంగం లోపలి నుంచి వేస్తే గ్రిప్పు, తాడు చింపేస్తాయి. సొరంగం అడుగుకు కింద నుంచి, తొడుగు గొట్టంలో తీసుకుపోవాలి. రెండు కేబుళ్లు వేరువేరు దారుల్లో వేస్తే ఒకటి తెగినా ఇంకొకటి ఉంటుంది.

విశాఖ_సివిల్:

చక్రం దెబ్బ ఎంతో కూడా లెక్క కట్టొచ్చు. ఖాళీ వెడల్పు వర్గాన్ని చక్రం వ్యాసార్ధానికి 8 రెట్లతో భాగిస్తే చక్రం ఎంత లోతుకు దిగుతుందో వస్తుంది. 33 అంగుళాల చక్రం అనుకోండి, వ్యాసార్ధం 419 మి.మీ.

19 మి.మీ. స్లాట్ మీద దిగేది 0.11 మి.మీ. లెక్కలోకి రాదు. 32 మి.మీ. పట్టా గాడిని నిటారుగా దాటితే 0.3 మి.మీ. అదే గాడిని 20 డిగ్రీల కోణంలో ఏటవాలుగా దాటితే ఖాళీ 94 మి.మీ. అవుతుంది, దిగేది 2.6 మి.మీ. దీన్నిబట్టి స్లాట్ చక్రానికి శత్రువు కాదు. ఏటవాలు క్రాసింగ్ అసలు శత్రువు.

మందు ఏంటంటే క్రాసింగ్ దగ్గర గాడి లోతు తగ్గించి చక్రం అంచునే గాడి అడుగున నడిపించడం. అంచు లోతు 19 మి.మీ. అయితే గాడి కూడా 19. మామూలు గాడి 30 మి.మీ. అనుకుంటే తేడా 11, నూటికి ఒకటి వాలు ఇస్తే 1.1 మీటర్ల పొడవున ఎక్కించాలి. చక్రాల అంచులన్నీ ఒకే లోతు ఉంటేనే ఇది పని చేస్తుంది. పాత బండ్లు, కొత్త బండ్లు కలిపి నడిపే ఊళ్లో ముందు చక్రాలు కొలవండి.

క్రాసింగ్ ముక్కలు మాంగనీస్ ఉక్కువి. 12 నుంచి 14 శాతం మాంగనీసు, షెఫీల్డ్‌లో హాడ్‌ఫీల్డ్ 1882లో కనిపెట్టినది. దెబ్బలు తినే కొద్దీ పైపొర గట్టిపడుతుంది. కానీ రంపానికి లొంగదు, రంధ్రం వేయలేం. కొలతలు పోత పోయక ముందే సరిగ్గా ఉండాలి. సైటులో సరిచేయాలంటే సానరాయే గతి, అదీ ఆగి ఆగి. ఒకే చోట బాగా వేడెక్కితే పెళుసెక్కి పగులుతుంది. బాండు రంధ్రాలు కూడా దానికి వేయకుండా, క్రాసింగ్ ముక్క కొసలకు అతికిన మామూలు పట్టాకే వేయాలి.

అమీర్‌పేట_మెట్రో:

అడగొచ్చో లేదో, స్లాట్ ఎలాగూ ఉంది కదా, పై వైరు లేకుండా కరెంటునే ఆ సొరంగంలో పెట్టొచ్చు కదండీ?

కప్పీచక్రం:

తప్పకుండా అడగాలండీ. పెట్టారు కూడా. వాషింగ్టన్‌లో నగరం నడిబొడ్డున అప్పట్లో పై వైర్లు నిషేధం. 1897 సెప్టెంబరు 29న క్యాపిటల్ ట్రాక్షన్ వాళ్ల కేబుల్ ఇంజను భవనం కాలిపోయింది. మళ్లీ కేబుల్ కట్టకుండా సొరంగంలో కరెంటు పట్టీలు పెట్టి నడిపారు. న్యూయార్క్ బ్రాడ్‌వే కేబుల్‌ను 1901లో అలాగే మార్చారు. లండన్‌లో బ్రిక్స్‌టన్ హిల్ కేబుల్ దారి కూడా 1904లో ఈ పద్ధతికే వచ్చింది.

స్లాట్‌కు రెండు వైపులా ఇనుప పట్టీలు ఇన్సులేటర్ల మీద వేలాడతాయి. ఒకటి పాజిటివ్, ఒకటి నెగటివ్. బండి కింద నుంచి ఒక పలక స్లాట్‌లోంచి దిగి రెండింటినీ తాకుతుంది. రెండు తీగలూ వేరుగా ఉన్నాయి కాబట్టి నడక పట్టాలకు బాండ్లు అక్కర్లేదు, పైపులను తినడమూ లేదు. రిటర్న్ గారికి నచ్చే పద్ధతి.

కష్టం క్రాసింగుల్లోనే. స్లాట్, స్లాట్ దాటే 4 చోట్లా పట్టీలు తెగాలి. బండి అక్కడ ఊపు మీద పోవాలి. ఊపు చాలక ఆగితే కరెంటు అందదు, వెనకబండి తోయాల్సిందే. జంక్షన్ పాయింట్లలో పట్టా నాలుకలతో పాటు స్లాట్‌కు కూడా కదిలే నాలుక కావాలి. రెండూ కలిసి కదలకపోతే బండి ఒకవైపు, పలక ఇంకోవైపు పోయి పలక విరుగుతుంది. ఇక కేబుల్ సొరంగం మురికి ఇన్సులేటర్లకు పడదు. గోడల తారు గీకి, ఇన్సులేటర్ ఉన్న ప్రతి చోటా మూతతో చేతికందే గుంట కట్టాలి.

చెన్నపట్నం:

మన దగ్గరిదే ఒక ఉదాహరణ ఉంది. మద్రాసులో 1895లో కరెంటు ట్రాములు మొదలైంది ఈ నేల కింది పద్ధతిలోనే. అక్కడ కేబుల్ ట్రాము ఏనాడూ లేదు, కొత్తగా కట్టిన సొరంగమే. వానాకాలంలో నీళ్లు నిండితే రెండు పట్టీల మధ్య కరెంటు లీకై దారంతా ఆగేది. కొన్నేళ్లకు పై వైరుకు మారారు. జార్జి టౌన్ లాంటి సముద్ర మట్టానికి దగ్గరున్న చోట నీటిని ఎటు పంపాలి? వాలు లేని ఊరికి ఈ పద్ధతి పనికిరాదు. విజయవాడకైనా కాకినాడకైనా ఇదే మాట చెప్తాను.

పట్టాల_మేస్త్రి:

అందరికీ ధన్యవాదాలు. ఇంకొక్కటి. పాత రోడ్డు కింద సొరంగం నింపారో లేదో తవ్వకుండా ఎలా తెలుస్తుంది? వంపుల గదులు, చివరి చక్రం గోతుల సంగతేంటి?

విశాఖ_సివిల్:

వంపు లేని తిన్నని దారిలో భూమిలోకి రాడార్ పంపి చూస్తే ఖాళీ తెలుస్తుంది. యోకుల ఇనుము వల్ల 4, 5 అడుగులకొకసారి గట్టి గుర్తు వస్తుంది, ఆ వరస కనబడితే యోకులు లోపలే ఉన్నట్టు. వాటి నడుమ ఖాళీ గుర్తు వస్తే, అక్కడ 50 మి.మీ. రంధ్రం వేసి కెమెరా దించండి. గుంట మూతలున్న చోట్లతో మొదలుపెడితే పని తొందరగా అవుతుంది.

గదుల విషయంలో రాడార్‌ను ఒక్కదాన్నే నమ్మొద్దు. పాత నక్షా తీసి, ప్రతి వంపు మొదలు, చివర, ప్రతి దారి చివర, ఇంజను భవనం నుంచి తాడు వీధిలోకి వచ్చే చోటు గుర్తు పెట్టుకోండి. ఎడిన్‌బరోలో న్యూహేవెన్ దాకా కొత్త దారి వేసేటప్పుడు పిల్‌రిగ్ దగ్గర కేబుల్ నాటి పెద్ద చక్రాలు గోతితో సహా బయటపడ్డాయి.

గది దొరికితే పైకప్పు దూలాలను నమ్మి దాని మీద పట్టా వేయకండి. కప్పు తీసేయండి, కాలువ మూయండి, గోడలను రోడ్డు మట్టానికి ఒక మీటరు కింద దాకా పగలగొట్టండి, ఆ తర్వాత నింపండి. గోడను పైదాకా వదిలేస్తే పట్టా పరుపు దాని అంచు మీద ఆని, అక్కడే అడ్డంగా పగులుతుంది.